ఒక ఊపిరిలా ఇంకో ఊపిరి ఎందుకుండదు? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నర్సింగ్ పిల్లలకు ఫిజియాలజీ చెప్పడం నా ఉద్యోగం. ఊపిరి పాఠం మొదలైందంటే చాలు, క్లాసులో పిల్లలు, సాయంత్రం వీధిలో వాళ్లు, రాత్రికి వాట్సాప్‌లో చుట్టాలు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. శ్రీకాళహస్తిలో వాయులింగం ముందు దీపం నిలకడగా లేకుండా రెపరెపలాడితే చేతులు జోడిస్తాం, మన ఊపిరి నిలకడగా లేకపోతే మాత్రం ఫోన్ తీసి జబ్బుల పేర్లు వెతుకుతాం. ఇది డాక్టర్ సలహాకు బదులు కాదు. ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో కూడా కింద రాశాను, మిగతావి వదిలేసినా అది చదవండి.

ఒక ఊపిరి పెద్దగా, ఇంకోటి చిన్నగా, మధ్యలో కాసేపు గ్యాప్. నాకేమైనా జబ్బా?

ఊరికే కూర్చున్నప్పుడు ఇలా ఉండి, ఆయాసం గానీ నొప్పి గానీ లేకపోతే, కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఎవరినైనా కూర్చోబెట్టి కొలవండి, ఊపిరి ఊపిరికీ లోతు మారుతుంది, పట్టే సమయం మారుతుంది, వదిలాక మళ్లీ పీల్చే ముందు ఆగే విరామం కూడా మారుతుంది. నిమిషానికి ఎన్ని అని లెక్క కట్టినప్పుడు ఈ తేడాలన్నీ ఆ ఒక్క నంబర్ కింద దాక్కుంటాయి, అందుకే మనకు అంతా గడియారంలా నడుస్తోందనే భ్రమ.

అసలు మామూలు లెక్క ఎంత?

పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20. ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి లోపలికి వెళ్తుంది, అందులో 150 మిల్లీలీటర్ల దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోయి పనికి రాకుండానే తిరిగి బయటికి వచ్చేస్తుంది. ఊపిరి మరీ పైపైన తీస్తే ఎందుకు సరిపోదో దీన్నిబట్టే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ 150 ఎలాగూ పోయేదే, కోత పడేది మిగతా గాలికి.

మన యోగ గ్రంథాల్లో మనిషికి రోజుకు 21,600 శ్వాసలు అని ఉంటుంది, విన్నారు కదా. రోజుకు 1,440 నిమిషాలతో భాగించి చూడండి, సరిగ్గా నిమిషానికి 15 వస్తుంది. ఇప్పటి పుస్తకాల లెక్కలో దాదాపు మధ్యన పడే సంఖ్య. కాకపోతే అది సగటు మాత్రమే, నిమిషం నిమిషానికీ 15 చొప్పున పీల్చే మనిషిని నేనైతే చూడలేదు.

సరే, మరి ఎందుకు మారుతుంది? ఊపిరిని నడిపేది ఎవరు?

ఇదే అసలు ప్రశ్న, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

గుండెకు తన తాళం తనలోనే ఉంది, శరీరం నుంచి బయటికి తీసినా కాసేపు కొట్టుకుంటుంది. ఊపిరితిత్తులకు ఆ సొంత తాళం లేదు. మెదడు అడుగున వెన్నుపాము మొదలయ్యే చోట మజ్జాముఖం అని ఒక భాగం ఉంది, అక్కడి నుంచి ప్రతిసారీ ఆర్డర్ వస్తేనే ఛాతీ కింద ఉన్న ఉదరవితానం అనే కండరం కిందికి దిగుతుంది, గాలి లోపలికి వస్తుంది. ఆ ఆర్డర్ పుట్టే చోటును 1991లో ఎలుకల మెదడులో కచ్చితంగా గుర్తించారు. పుట్టిన ఎలుక పిల్ల మజ్జాముఖం నుంచి పలుచటి ముక్క కోసి గిన్నెలో పెట్టినా, ఆ ముక్క తనంతట తాను ఊపిరి తాళం వేస్తూనే ఉంది. దాని పేరు ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్. ఇంత పెద్ద విషయానికి పక్కనున్న భాగం పేరు తగిలించారు, ఆ పక్క భాగానికేమో ఒక జర్మన్ వైన్ సీసా మీద ఉన్న పేరు పెట్టారు! క్లాసులో ఈ ముక్క చెప్తే పరీక్షలో ఎవరూ మర్చిపోరు.

అక్కడున్నవి కొన్ని వేల నాడీకణాలు. వాటికి పెద్దమనిషంటూ ఎవరూ లేరు. ఒకటి ఉత్సాహపడి పక్కదాన్ని తడుతుంది, అది ఇంకో నాలుగింటిని, అలా సందడి పెరిగి పెరిగి అందరూ కలిసి ఒక్కసారి అరిస్తే అదే ఒక ఊపిరి, ఆ తర్వాత అలిసిపోయి కాసేపు నిశ్శబ్దం. ప్రతిసారీ అవే కణాలు అదే వరుసలో పాల్గొనవు. ఒకసారి ఒకటి ముందు లేస్తుంది, ఇంకోసారి ఆలస్యంగా, ఒక్కోసారి అసలు లేవదు. అంటే తాళం పుట్టే చోటే కాస్త అటూ ఇటూ ఉంది, ఇక ఫలితం అచ్చు గుద్దినట్టు ఎలా ఉంటుంది?

దీని మీద ఇంకో పొర ఉంది. మెదడు తను ఇచ్చిన ఆర్డర్ సరిపోయిందా లేదా అని రక్తాన్ని అడిగి తెలుసుకుంటుంది. ముఖ్యంగా అడిగేది ఆక్సిజన్ గురించి అనుకుంటారు అందరూ, మామూలు సమయంలో అది కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందన్నదే మొదటి ప్రశ్న, ఈ సంగతి హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు 1905లోనే చూపించారు. అది కొద్దిగా పెరిగినా ఊపిరి లోతు పెరుగుతుంది, తగ్గితే ఊపిరి మందగిస్తుంది. దీన్ని కనిపెట్టే కణాలు కొన్ని మజ్జాముఖంలోనే ఉన్నాయి, కొన్ని మెడలో పెద్ద రక్తనాళం రెండుగా చీలే చోట ఉన్నాయి. మెడలో ఉన్నవి ఆక్సిజన్‌ను కూడా చూస్తాయి, వాటి పని బయటపెట్టినందుకే కార్నీల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, ఈ కబురు ఆలస్యంగా అందుతుంది. ఊపిరితిత్తుల్లో ఇప్పుడు శుభ్రమైన రక్తం గుండె దాటి మెడ దాకా, మెదడు దాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోపు ఇంకో ఊపిరో రెండో అయిపోతాయి. మిద్దె మీద ట్యాంకు నిండి పొర్లుతుంటే పైనుంచి ‘మోటారు ఆపమ్మా’ అని అరుస్తాం, కింద వంటింట్లో ఉన్న మనిషి ఆ మాట విని, చేతులు తుడుచుకుని, స్విచ్చి దగ్గరికి వచ్చేలోపు రెండు బిందెల నీళ్లు సందులో పారతాయి. ఇక్కడా అంతే. ఒక ఊపిరి కాస్త ఎక్కువైతే ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమై, తర్వాత వచ్చేది కాస్త తక్కువవుతుంది, ఆ తక్కువ కబురు చేరేసరికి మళ్లీ కాస్త ఎక్కువ. సరిదిద్దుకోవడం ఆగదు, కాబట్టి ఊగడమూ ఆగదు.

మూడోది, ఊపిరితిత్తులు సాగినప్పుడు వాటి గోడల్లోని నరాలు వేగస్ నాడి ద్వారా ‘చాల్లే, ఇక వదులు’ అని మెదడుకు చెప్తాయి. హెరింగ్, బ్రాయర్ అనే ఇద్దరు 1868లో రాసిన సంగతి ఇది. పసిపిల్లల్లో ఇది గట్టిగా పనిచేస్తుంది, పెద్దవాళ్లలో మామూలు ఊపిరికి పెద్దగా జోక్యం చేసుకోదు, బాగా లోతుగా పీల్చినప్పుడే మాట వినిపిస్తుంది.

ఇవి చాలవన్నట్టు పైనుంచి పెద్ద మెదడు కూడా వేలు పెడుతుంది. భయం, నవ్వు, మాట, ఆవులింత, సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఇంతమంది చెప్పే మాటలు వింటూ ఇచ్చే ఆర్డర్ కాబట్టి అది ప్రతిసారీ వేరుగా ఉంటుంది. ఒకేలా వస్తుంటే ఎవరి మాటా వినట్లేదేమోనని నాకైతే అనుమానం వస్తుంది.

గుండె కూడా ఊపిరితో పాటు మారుతుందా?

మారుతుంది. మణికట్టు మీద నాడి పట్టుకుని నెమ్మదిగా లోతుగా పీల్చండి, నాడి కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని నమోదు చేశాడు. కుర్రవాళ్లలో బాగా తెలుస్తుంది, వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది. ఈసీజీ రిపోర్టులో ‘సైనస్ అరిథ్మియా’ అని రాసి ఉంటే చూసి గుండె జబ్బనుకుని ఏడ్చిన వాళ్లున్నారు. చాలాసార్లు అది ఇదే, మీ డాక్టర్‌తో ఒక్క మాట కనుక్కుంటే సరిపోతుంది.

ఏ దిగులూ లేకపోయినా మధ్యమధ్యలో పెద్ద నిట్టూర్పు వస్తుంది. ఎందుకు?

నాకు చెప్పడానికి బాగా ఇష్టమైన ప్రశ్న.

ఊపిరితిత్తుల్లో గాలి మార్పిడి జరిగే చిన్న చిన్న వాయుగోణులు ఉంటాయి, సుమారు 48 కోట్లు. ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. లోపలి గోడ తడిగా ఉండే ఇంత చిన్న సంచులు ఊరుకుంటే ముడుచుకుపోతాయి. ముడుచుకోకుండా సర్ఫాక్టెంట్ అనే జిడ్డు లాంటి పదార్థం గోడలకు పూసుకుని ఉంటుంది గానీ, పైపైన ఊపిరి తీస్తూ ఉంటే మూలమూలల్లో కొన్ని మూసుకుపోతూనే ఉంటాయి. మామూలు అర లీటరు ఊపిరికి అవి తెరుచుకోవు. దాదాపు రెట్టింపు గాలి ఒక్కసారిగా లోపలికి తోస్తేనే విచ్చుకుంటాయి, ఆ సాగుడుకు కొత్త సర్ఫాక్టెంట్ కూడా గోడల మీదికి వస్తుంది. అదే నిట్టూర్పు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి గంటకు డజను దాకా వస్తాయి, అంటే ఐదు నిమిషాలకొకటి చొప్పున, మనం ఏ దిగులూ లేకుండా టీవీ చూస్తున్నా సరే.

దీనికి మెదడులో వేరే స్విచ్చి కూడా ఉంది. 2016లో ఎలుకల్లో చూపించింది ఏమిటంటే, సుమారు 200 కణాలు పెప్టైడులు అనే కబురు మోసే రసాయనాలు రెండు రకాలు వదిలితే, ఇందాక చెప్పిన తాళం కేంద్రంలో ఇంకో 200 కణాలు వాటిని అందుకుని, మామూలు ఊపిరి మీద ఇంకో ఊపిరి ఎక్కించేస్తాయి. అందుకే నిట్టూర్పును జాగ్రత్తగా గమనిస్తే పీల్చడం రెండు అంచెల్లో వినిపిస్తుంది, సగం దాకా పీల్చి, వదలకుండానే మళ్లీ ఇంకొంచెం.

దీని విలువ మనుషులకు తెలిసొచ్చింది ఆపరేషన్ బల్ల మీద. 1963లో బోస్టన్ డాక్టర్లు ఒక సంగతి రాశారు. మత్తులో ఉన్న రోగికి మిషన్‌తో ప్రతిసారీ ఒకే కొలత గాలి ఇస్తూ పోతే, గంట గడిచే కొద్దీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తోంది, మధ్యలో కొన్ని పెద్ద ఊపిర్లు ఇస్తే మళ్లీ కోలుకుంటోంది. ఒకే కొలతలో వెళ్లే గాలి చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉన్నా, లోపల వాయుగోణులు ఒక్కొక్కటే తలుపులు మూసుకుంటున్నాయన్నమాట. ఆ తర్వాత 1990లలో జంతువుల మీద ఇంకో అడుగు వేశారు. ప్రతి ఊపిరికీ కొలత కొంచెం కొంచెం మార్చి ఇచ్చే వెంటిలేటర్, ఒకే కొలత ఇచ్చేదాని కంటే ఆక్సిజన్‌ను మెరుగ్గా నిలబెట్టింది.

‘ఇంట్లో కూర్చుని నిట్టూర్చకూడదు, దరిద్రం’ అంటుంది మా అవ్వ.

అవ్వను కూడా ఒక ఐదు నిమిషాలు గమనించండి. ఏమీ అనకండి, గమనించండి చాలు.

నా ఊపిరి నేను చూసుకోగానే మారిపోతుంది. అలా ఎందుకు?

ఊపిరికి రెండు స్టీరింగులు ఉన్నాయి. ఒకటి మజ్జాముఖంది, దాని మానాన అది తిరుగుతుంటుంది, రెండోది మీ చేతిలోది. మీరు గమనించడం మొదలుపెట్టగానే తెలియకుండానే రెండోదాని మీద చెయ్యి పడుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, లోతవుతుంది, లేదా ‘సరిగ్గా తీస్తున్నానా’ అనే టెన్షన్‌లో అడ్డదిడ్డంగా తయారవుతుంది. అందుకే మా పిల్లలకు మొదటి రోజే నేర్పిస్తాం, ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నాను’ అని రోగితో చెప్పొద్దు అని. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి, నాడి లెక్క అయిపోయినా చెయ్యి వదలకూడదు, ఆ చేతిని అలాగే రోగి ఛాతీ మీద ఆనించి, కళ్లు గోడ మీద వాచీ వైపు పెట్టి, ఛాతీ లేవడం చేతికి తగిలేలా లెక్కపెట్టాలి. క్లాసులో ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఇదే చేయిస్తే, చెప్పి లెక్కపెట్టిన నంబరుకూ చెప్పకుండా లెక్కపెట్టిన నంబరుకూ తేడా వాళ్లకే కనిపిస్తుంది. ఒకమ్మాయి ఎప్పుడూ నవ్వేస్తుంది, ఆ జత లెక్క ఎలాగూ పనికిరాదు.

15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే చాలదా?

చాలదు, ఆ మాటకొస్తే ఈ పేజీ అంతా దానికి జవాబే. ఊపిరి ఒకే తీరున ఉండదు కాబట్టి 15 సెకన్లలో ఒక్కటి ఎక్కువ తక్కువైనా చివరికి నాలుగు తేడా వస్తుంది. నిండా ఒక నిమిషం చూడాలి. పసిబిడ్డల్లో ఇది మరీ ముఖ్యం.

మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు, తినేటప్పుడు?

మాట్లాడేటప్పుడు పీల్చడం గబుక్కున, వదలడం మాత్రం వాక్యం అయ్యేదాకా సాగదీసి. ఎంత పీల్చాలనేది రాబోయే వాక్యం పొడవును బట్టి మెదడు ముందే అంచనా కడుతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర నాదస్వరం వాయించే వాళ్ల బుగ్గలను, పొట్టను కాసేపు చూడండి. సంగతి సంగతికీ మధ్య దొరికిన చిన్న సందులో లటుక్కున గాలి లాక్కుని, దాన్ని పొదుపుగా ఎంతసేపు వాడతారో, ఒక గాలికి రెండు స్వరాలే వస్తే ఇంకో గాలికి పెద్ద గమకం వస్తుంది. అన్నమయ్య కీర్తన నేర్చుకునే పిల్లలకు గురువులు చరణంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పి మరీ నేర్పించేది ఇందుకే.

ఇక తిండి. మింగే ప్రతి ముద్దకూ ఊపిరి ఒక క్షణం పూర్తిగా ఆగుతుంది, ఎక్కువగా ఊపిరి వదిలే మధ్యలో ఆగి, మింగాక మిగతాది వదలడంతో మళ్లీ మొదలవుతుంది. ఈ వరుస తప్పితేనే పొలమారేది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టే ముందు, అన్నం తింటూ మాట్లాడుతున్నది ఎవరో చూడండి.

అలిపిరి మెట్లు ఎక్కుతుంటే నాకు రొప్పు, పక్కన ముసలాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వెళ్తున్నాడు.

ఆయన వారానికోసారి ఎక్కుతాడేమో, ముందు అది అడగండి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. విశ్రాంతిలో నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి సరిపోయే మనిషికి మెట్ల మీద దానికి పది రెట్ల దాకా కావాల్సి రావచ్చు. గమ్మత్తు ఏమిటంటే, మొదటి మెట్టు ఎక్కిన వెంటనే, రక్తంలో ఇంకా ఏమీ మారకముందే ఊపిరి పెరుగుతుంది. కాళ్లకు ఆర్డర్ ఇచ్చిన మెదడే ఊపిరి కేంద్రానికి కూడా కబురు పెడుతుంది, కదిలే కీళ్ల నుంచి కూడా సంకేతాలు వెళ్తాయి. ఆ తర్వాతే రక్తం చెప్పే మాటలకు తగ్గట్టు నెమ్మదిగా సర్దుకుంటుంది. గాలి గోపురం దాకా నిటారుగా ఎక్కి అక్కడ కూర్చుంటే, కాళ్లు ఆగినా ఊపిరి వెంటనే ఆగదు, పేరుకున్న బాకీ తీరేదాకా రొప్పుతూనే ఉంటుంది, మధ్యలో రెండు మూడు పెద్ద ఊపిర్లు, తర్వాత చిన్నవి, అలా ఎగుడుదిగుడుగా దిగుతుంది. అదంతా సహజం. మోకాళ్ల మెట్ల దగ్గర మళ్లీ మొదలవుతుంది.

‘పైకి పోయే కొద్దీ ఆక్సిజన్ తక్కువ కదా’ అని అంటారు. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు, గాలి పీడనం తగ్గేది పదో వంతు కంటే తక్కువే, కాబట్టి ఆ రొప్పు కొండ ఎత్తుది కాదు, మెట్లది. బస్సులో పోయిన వాళ్లకు రాదు కదా! ఎత్తు వల్ల ఊపిరి తీరు మారడం చూడాలంటే కేదార్‌నాథ్ పోవాలి, అక్కడ 3,500 మీటర్ల పైన. రాత్రి పడుకున్నాక కొన్ని ఊపిర్లు పెరుగుతూ పోయి, తగ్గుతూ వచ్చి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతాయి. పక్కన పడుకున్న వాళ్లు హడలిపోతారు. పల్చటి గాలికి మెడలోని కణాలు అతిగా స్పందిస్తాయి, కబురు ఆలస్యం ఎలాగూ ఉంది, రెండూ కలిసి ఆ ఊగడం పెద్దదవుతుంది.

మెట్ల మీద ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా మొక్కు సంగతి తర్వాత, అక్కడే కూర్చుని మనుషుల్ని పిలవండి.

నిద్రలో ఊపిరి ఎలా ఉంటుంది?

కునుకు పట్టేటప్పుడు తడబడుతుంది, గాఢనిద్రలో రోజు మొత్తంలోకీ అన్నిటికంటే నిలకడగా ఉంటుంది, కలలు వచ్చే నిద్రలో మళ్లీ ఇష్టం వచ్చినట్టు పోతుంది, అక్కడక్కడా చిన్న విరామాలు కూడా. ఇది మామూలే. మామూలు కానిది ఏదంటే, పెద్దగా గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి నిశ్శబ్దమై, పది సెకన్లకు పైగా గాలి ఆడక, ఉలిక్కిపడి గస పెడుతూ మళ్లీ మొదలవడం, అదీ రాత్రంతా. దానికి తోడు పగలంతా నిద్రమత్తు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు, పరీక్ష ఉంది, చికిత్స ఉంది. మన ఇళ్లలో గురకను ఆరోగ్యానికి గుర్తుగా చెప్పుకుంటారు, ‘ఎంత హాయిగా నిద్రపోతున్నాడో’ అని. నాకు ఒళ్లు మండే మాటల్లో అదొకటి.

నెలల బిడ్డ ఊపిరి ఆగి ఆగి తీస్తోంది. భయంగా ఉంది.

బాలింత ఇంటి నుంచి అర్ధరాత్రి వచ్చే ఫోన్లలో సగం ఇదే. పసిబిడ్డల్లో కొన్ని ఊపిర్లు గబగబా తీసి, ఐదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ గబగబా మొదలుపెట్టడం సహజం, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లలో ఇంకా ఎక్కువ. ఊపిరి కేంద్రం ఇంకా కుదురుకుంటోంది, ఛాతీ మెత్తగా ఉంటుంది. ఆరు నెలలకు చాలావరకు పోతుంది. బిడ్డ రంగు మారకుండా, పాలు బాగా తాగుతుంటే కంగారు లేదు.

లెక్క ఇలా చూడండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు తల్లి ఒడిలో పడుకోబెట్టి, చొక్కా పైకి తీసి, పొట్ట లేవడం నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ వస్తే వేగంగా తీస్తున్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ ఆపైన గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టమంటారు, ఎందుకో మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది.

డొక్కలు ఎగరేయడం మాత్రం వేరే సంగతి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోవడం, ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు, పెదాలు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, 20 సెకన్లు ఊపిరి ఆగడం, ఇవి కనిపిస్తే పసరు, వాతలు, తాయెత్తు ఏవీ వద్దు. వెంటనే ఆసుపత్రికి. ఇప్పటికీ మా చుట్టుపక్కల పల్లెల్లో పొట్ట మీద వాత పెట్టించుకుని వచ్చే బిడ్డలున్నారు, చూడలేం.

మా రెండేళ్లవాడు ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టేస్తాడు, నీలంగా అయిపోతాడు.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఉండేదే. కావాలని చేసేది కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, కుదపకండి, నోట్లో నీళ్లు పోయకండి, తనంతట తానే తీస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం డాక్టర్‌కు చూపించండి, రక్తహీనత ఉందేమో కూడా చూస్తారు.

అయితే ఎంత ఎగుడుదిగుడుగా ఉంటే అంత ఆరోగ్యమా?

కాదు. రెండు వైపులా హద్దులున్నాయి.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో ఊపిరి వేగంగా, పైపైన, పైగా ఒకే తీరున వస్తుంది. లోతు మార్చాలంటే ఎక్కువ బలం కావాలి, ఆ బలం లేక ఒకే ఇరుకు దారిలో పోతుంది. అలాంటి రోగుల్లో ఊపిరి ఊపిరికీ ఉండే తేడా తగ్గిపోయిందని కొలిచి చూపించారు కూడా. షుగర్ బాగా అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారినప్పుడు వచ్చే లోతైన, ఆగని ఊపిరి కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కుస్మాల్ 1874లో రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రోగి పడుకునే ఉంటాడు, పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి తీస్తుంటాడు, నోటి నుంచి మగ్గిన పండు వాసన.

రెండో వైపు, ఊగడం పెద్దదై ఒక క్రమంలో పడటం. ఊపిరి మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గి, పూర్తిగా ఆగి, మళ్లీ పెరుగుతుంది. చెయిన్ 1818లో, స్టోక్స్ 1854లో వర్ణించారు. గుండె బలహీనపడి రక్తం నెమ్మదిగా తిరిగినప్పుడు ఆ కబురు ఇంకా ఆలస్యమై ఇలా జరుగుతుంది, పక్షవాతంలో కూడా కనిపిస్తుంది. చివరి ఘడియల్లో ఇంట్లో వాళ్లు ఎగశ్వాస అని చెప్పుకునే దానిలో కొన్నిసార్లు ఈ తీరు ఉంటుంది.

ఆరోగ్యమైన ఊపిరిలో తేడాలు చిన్నవి, లెక్కకు అందనివి, కష్టం లేకుండా వచ్చి పోయేవి.

టెన్షన్‌లో ఊపిరి అందనట్టు, ఎంత పీల్చినా నిండనట్టు ఉంటుంది.

అప్పుడు నిజానికి మీరు తక్కువ కాదు, ఎక్కువ పీల్చుతుంటారు. నిట్టూర్పులు వరసగా వస్తాయి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పోయి రక్తంలో తగ్గుతుంది, దాంతో వేళ్లు తిమ్మిరెక్కడం, పెదాల చుట్టూ చిమచిమ, తల తేలిపోవడం. అది చూసి ఇంకా భయం, ఇంకా పీల్చడం. పీల్చడం మీద కాకుండా వదలడం మీద ధ్యాస పెట్టండి, నెమ్మదిగా, పీల్చిన దానికి రెట్టింపు సమయం. సినిమాల్లో చూపించినట్టు కాగితం సంచి ముక్కుకు పెట్టుకోవద్దు, అది నిజంగా గుండె సమస్యో ఉబ్బసమో అయితే ప్రాణం మీదికి వస్తుంది. మొదటిసారి ఇలా వస్తే టెన్షనే అని మీకు మీరే తేల్చుకోకండి.

ఒక ముక్కులోంచే గాలి ఆడుతోంది, జలుబు కూడా లేదు.

కొన్ని గంటలకోసారి ఒక వైపు పొర ఉబ్బి, ఇంకో వైపు తగ్గి, గాలి దారి మారుతుంటుంది. కైసర్ అనే జర్మన్ డాక్టర్ 1895లో రాశాడు, మన యోగంలో ఊపిరిని గమనించే స్వర శాస్త్రం వాళ్లు ఎడమ ముక్కుకు ఇడ, కుడి ముక్కుకు పింగళ అంటూ ఎప్పటి నుంచో లెక్క పెట్టుకుంటున్నారు. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుని ఉంటే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

వాచీలో రాత్రి ఊపిరి నంబర్ నిన్న 14, ఇవాళ 16. ఏం చెయ్యాలి?

ఏమీ చెయ్యొద్దు. చాలా వాచీలు ఊపిరిని నేరుగా చూడవు, ఇందాక చెప్పాను కదా, ఊపిరితో పాటు నాడి వేగం మారుతుందని, దాన్ని పట్టుకుని వెనక్కి లెక్క కడతాయి. జ్వరం వస్తే పెరుగుతుంది, రాత్రి ఆలస్యంగా బాగా తిని పడుకున్నా పెరగవచ్చు. మీ మామూలు నంబర్ కంటే బాగా ఎక్కువగా చాలా రోజులు నిలబడితే అప్పుడు ఆలోచించండి.

ప్రాణాయామంలో అన్ని ఊపిర్లూ సమానంగా తీయమంటారు. అది తప్పా?

తప్పేం లేదు. అది మీరు స్టీరింగ్ పట్టుకున్న కాసేపు. నిమిషానికి ఆరు చొప్పున నెమ్మదిగా తీస్తే ఊపిరితో పాటు గుండె వేగం ఊగడం బాగా పెరుగుతుంది, చాలామందికి మనసు కుదుటపడుతుంది. లేచి కాఫీ పెట్టుకునేసరికి మళ్లీ మజ్జాముఖం తన పద్ధతిలో తను నడిపిస్తుంది. రోజంతా ఊపిర్లు సమానంగా ఉండాలని పట్టుబట్టే వాళ్లను చూశాను, వాళ్లకు వచ్చింది ప్రశాంతత కాదు, ఊపిరి మీద అనుమానం. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే రకాలు సొంతంగా మొదలుపెట్టకండి.

ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి?

పెద్దవాళ్లకు విశ్రాంతిగా ఉన్నా నిమిషానికి 25 దాటి తగ్గకపోతే. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగుతుంటే. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తుంటే. పెదాలు, గోళ్లు నీలంగా మారితే, ఛాతీ నొప్పి, మగత, ఉన్నట్టుండి వచ్చిన ఆయాసం, పిల్లికూతల్లాంటి శబ్దం ఉంటే. నిద్ర మాత్రలో నొప్పికి గట్టి మందులో వేసుకున్న మనిషి ఊపిరి బాగా మందగించినా అంతే. 108కి ఫోన్ చేయండి, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, చిత్తూరు వైపు వాళ్లు జిల్లా ఆసుపత్రికి పోవచ్చు. ఊపిరి సమానంగా లేదన్నది ఒక్కటే అయితే ఈ జాబితాలో దానికి చోటు లేదు.

ఇదంతా చదివాక నా ధ్యాసంతా ఊపిరి మీదే ఉంది. ఎలా ఆపేది?

ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడండి. కూరగాయల ధరలైనా సరే. మాట మొదలయ్యాక ఊపిరి వాక్యాల వెంట పోతుంది, మీరు ఫోన్ పెట్టేసేసరికి దాని సంగతి గుర్తుండదు.